తాళం లేని ఎనిమిది రోజులు

పోయిన నెలలో పనిలో ఒక సందేహం వచ్చి, ఒకప్పుడు నాకు పని నేర్పిన అక్క నంబరుకు ఫోన్ చేశాను. ఆమెతో మాట్లాడి మూడేళ్ళవుతోంది. ఎవరో మగమనిషి ఎత్తాడు. వెనక బోరు మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"ఆమె నంబరు కాదమ్మా ఇది, నాది. మాది నవాబుపేట దిక్కు. కొత్త సిమ్ము తీసుకుంటే గీ నంబరు ఇచ్చిన్రు," అన్నాడు. పెట్టెయ్యబోతుంటే, "ఆగు బిడ్డా," అని ఆపాడు. "అక్క కోసమేనా? గిట్ల మస్తుమంది చేస్తరు. ఆమె లేదట. చనిపోయిందట. నాకు గూడ చేసినోళ్ళే చెప్పిన్రు."

ఆయనే మళ్ళీ అడిగాడు. "ఆమె డాక్టరమ్మనా? కాలేజోళ్ళు చేస్తరు, బండల పాలిష్ కాడి కూలోళ్ళు చేస్తరు."

"కాదన్నా. కంప్యూటర్ పని చేసేది."

"కంప్యూటర్ పనికి గింతమందా?" అని ఆశ్చర్యపోయి, టమాటకు నీళ్ళు పెట్టేది ఉందంటూ ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం తాండూరు వెళ్ళాను. వాళ్ళ తమ్ముడు పప్పు మిల్లులో ఉన్నాడు. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం అక్క అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదని చెప్పాడు. గుండె అన్నారట. "ఎవలికి చెప్పాల్నో మాకు తెల్వలేదమ్మా. అక్కకు ఎవలెవలు తెలుసో మాకేం తెలుసు?" అన్నాడు. నిజమే. ఆమెకు తెలిసినవాళ్ళందరినీ ఒక్కచోట చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆమెను 'మేడమ్' అని పిలిస్తే పలికేది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నాలుగుసార్లు పిలిచాను. ఐదోసారి తలెత్తి, "మేడమ్ అంటే బడిల పంతులమ్మ యాదికొస్తది. నాకు భయమైతది. అక్కా అను," అంది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి, నాకు ఇరవై మూడు. మాది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. వాళ్ళది తాండూరులో తాతల నాటి నుంచి కందుల వ్యాపారం. అయినా ఆ అక్క అనే పిలుపు నా నోటికి రెండు రోజుల్లోనే అలవాటైపోయింది.

ఆఫీసు వికారాబాద్‌లో స్టేషన్‌కు పోయే రోడ్డు మీద, ఒక మందుల దుకాణం పైన. రెండు గదులు, ముగ్గురం మనుషులం. అక్క రోజూ పొద్దున తాండూరు నుంచి రైల్లో వచ్చేది. వచ్చేటప్పుడు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కోడ్‌ని పెన్నుతో రాసేది. రైలు కుదుపులకు అక్షరాలు వంకర్లు పోయేవి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ తనలో తాను గొణుక్కునేది: "గిదేం రాసిన్నో నాకే సమజైతలేదు. లింగంపల్లి బండి డ్రైవరు సక్కగ నడిపినట్టు లేడు."

కోడ్‌లో పేర్లన్నీ తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. 'గట్టిగా ఊదు' అని ఒక ఫంక్షన్, 'ఎత్తు అడుగు' అని ఇంకొకటి. మధ్యలో చేరిన ఒక ఇంజనీరు ఇవేం పేర్లని నవ్వితే, "పేరు చూస్తే పని తెల్వాలె. నీ పేర్లు చూస్తే నువ్వు ఇంగ్లీష్ మీడియం అని మాత్రం తెలుస్తున్నది," అంది. అతను కూడా నవ్వేశాడు. ఆమె మాటలకు ఎవరికీ కోపం వచ్చేది కాదు.

చిన్నప్పుడు దుకాణంలో కూర్చున్న అలవాటేమో, ఏదైనా చదువుతున్నప్పుడు బొటనవేలితో చూపుడువేలిని రుద్దుతూ ఉండేది, కందిగింజ ఎండిందో లేదో చూస్తున్నట్టు. ఇంకొక అలవాటు ఏ వెబ్ పేజీ తెరిచినా దాని లోపలి కోడ్ చూడడం. బస్సు టికెట్ల పేజీ కానీ, ఎవరో పంపిన పెళ్ళి పత్రిక కానీ, ముందు దాని పొట్ట విప్పేది. "మనం బ్రౌజర్‌కు పంపినదంతా ఊరందరి చేతికి పంపినట్టే బిడ్డా. వాళ్ళు చూడరు అనుకునుడు వేరు, చూడలేరు అనుకునుడు వేరు," అనేది. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. విన్నాను, అంతే.

మేం చేసే పనుల్లో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది తాండూరులో ఒక చిన్న ధర్మాసుపత్రిది. బండల పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి రాతి దుమ్ము పోతుంది. ఆస్పత్రి డాక్టరుగారు సుజాత అనే నర్సును యూనిట్ల దగ్గరికి పంపి, ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఊపిరి బలం కొలిపించేవారు. ఆ కొలతను వయసు, ఎత్తులతో కలిపి లెక్క కడితే ఆ మనిషిని ఎక్స్‌రేకు పంపాలో వద్దో తెలుస్తుంది. ఆ లెక్కల కోడ్ అక్క రాసింది. అది మా సర్వర్‌లో, అంటే ఆఫీసు తరఫున ఎక్కడో నడిచే పెద్ద కంప్యూటర్‌లో ఉండేది. సుజాత ఫోన్‌లో మా వెబ్ పేజీ తెరిచి అంకెలు కొడితే అవి సర్వర్‌కు పోయి జవాబు తిరిగి వచ్చేది.

యూనిట్ల దగ్గర సిగ్నల్ ఉండదు. ఒకరోజు సుజాత ఫోన్ చేసి దాదాపు ఏడ్చింది. "ఇరవై మందిని లైన్ల నిలబెట్టిన అక్కా. ఫోన్ల చక్రం తిరుగుతనే ఉంది. తిండి టైము అయిపోయి అందరు లేచి పోయిన్రు. మల్ల పిలిస్తే వస్తరా?"

లెక్క ఫోన్‌లోనే జరిగితే సిగ్నల్‌తో పని ఉండదు. ఆ పని నాకు ఇచ్చింది. నేను సులువుగా ఉంటుందని ఫోన్‌లోని బ్రౌజర్ కోసం అదే లెక్కను వేరేగా మళ్ళీ రాశాను. రెండు వారాలకు ఒక ఆడమనిషికి ఫోన్ 'ఫరవాలేదు' అంది, సర్వర్ 'ఎక్స్‌రేకు పంపు' అంది. చివర్లో ఒక్కసారి పాయింట్లు తీసేసి సరిచెయ్యాల్సిన అంకెను నేను మధ్యలోనే సరిచెయ్యడం వల్ల వచ్చిన తేడా అది. సుజాత గమనించబట్టి ఆమెను పంపారు.

అక్క కేకలెయ్యలేదు. "ఒక్క మనిషికి రెండు జవాబులా?" అని అడిగి, నా కోడ్ మొత్తం తీసేయించింది. "ఒక్క లెక్క, ఒక్క తావులనే రాసి ఉండాలె. సర్వర్ల ఉన్న లైబ్రరీనే ఫోన్లకు తీసుకపో. కొత్తది రాయకు."

లైబ్రరీ అంటే ఒకసారి రాసి చాలా చోట్ల వాడుకునే కోడ్ కట్ట. సర్వర్ కోసం రాసిన కట్టను మూటగట్టి బ్రౌజర్‌కు పంపే పరికరాలున్నాయి. నేను వాటితో కూర్చున్నాను. అదే సమయంలో అక్కకు చికున్‌గున్యా వచ్చి మంచం పట్టింది. అడగడానికి ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే, అడగకుండా చేసి చూపించాలని నాకూ ఉండింది.

సర్వర్‌లో బతికిన కోడ్ బ్రౌజర్‌లోకి రాగానే తన ఇల్లు ఏదని వెతుక్కుంటుంది. ఫైళ్ళు ఎక్కడ, డేటాబేస్ ఎక్కడ అని ఒక్కొక్క ఎర్ర గీత చూపిస్తుంది. ఒక్కొక్కదానికి ఏదో ఒకటి సర్ది, రెండు రోజుల్లో గీతలన్నీ పోగొట్టాను. ఒక్కటి మిగిలింది. ఏదో సెట్టింగుల ఫైలు దొరకడం లేదంది. అందులో ఏముందో తెరిచి చూడలేదు. దాన్ని కూడా మూటలో వేశాను. గీత పోయింది. పేజీ నడిచింది.

సుజాత సంతోషం చెప్పలేను. సిగ్నల్ లేనిచోట, రాళ్ళ కుప్పల మధ్య, క్షణంలో జవాబు. "మస్తుగ చేసినవ్," అని ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఎనిమిదో రోజు కీళ్ళ నొప్పులతోనే అక్క రైలెక్కింది. నాకు ఫోన్ వచ్చింది.

"పేజీ బంద్ చెయ్యి."

"ఏమైందక్కా?"

"తర్వాత అడుగు. ముందు బంద్ చెయ్యి." అంతలోనే లైన్ కట్టయింది.

పేజీ ఆపాను. రైలు వికారాబాద్ చేరడానికి ఇంకో అరగంట పైనే. అక్క రైల్లోనే విప్పి చూసిన ఆ మూటను ఆ అరగంటలో నేను మొదటిసారి విప్పి చూశాను. నేను చూడకుండా వేసిన సెట్టింగుల ఫైలులో డేటాబేస్ తాళంచెవి, అంటే దాని పాస్‌వర్డ్, ఉంది. ఆ పేజీ తెరిచినవాడు ఎవడైనా, కాస్త తెలిసినవాడైతే, పాలిష్ కూలీలందరి పేర్లు, ఊళ్ళు, పనిచేసే యూనిట్లు, ఎవరి ఊపిరి ఎంత చెడిందో అన్నీ చదువుకోవచ్చు.

అక్క మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, కూర్చోకుండానే తాళంచెవి మార్చింది. తర్వాత ఎవరెప్పుడు వచ్చిపోయారో నమోదయ్యే సర్వర్ చిట్టా తెరిచింది. మావి కాని చోట్ల నుంచి మూడుసార్లు ఎవరో మొత్తం జాబితా తీసుకున్నారు. ఇంటర్నెట్‌లో ఊరికే తలుపులు తట్టుకుంటూ తిరిగే యంత్రాలుంటాయి, అవి కావచ్చు. మనిషీ కావచ్చు. చెప్పడానికి దారి లేదు.

డాక్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన, "ఎవరికీ చెప్పొద్దమ్మా. చెప్తే వీళ్ళు మళ్ళీ గొట్టం ముట్టుకోరు. ఉన్న కాస్త పరీక్ష కూడా పోతుంది," అన్నారు. ఆయన మాట తప్పు కాదు. యూనిట్ల దగ్గర ఒక్కొక్కరిని ఒప్పించడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది.

అక్క వేళ్ళు రుద్దుకుంటూ, "చెప్పకపోతే ఊదుతరు డాక్టర్ సాబ్. గని ఎవలను నమ్మి ఊదుతున్నరో తెల్వకుండ ఊదుతరు," అంది. "మీరు వద్దంటే మీ ఆస్పత్రి పేరు చెప్పను. మా పేరు చెప్పుకుంట."

దానికి ఆయన, "ఆస్పత్రి పేరు కూడా చెప్పండి," అన్నారు.

నేను ఆ మధ్యాహ్నమే రాజీనామా రాసి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె చదివింది. చదివి, కాగితం తిప్పి, వెనక ఖాళీగా ఉన్న వైపు పేర్లు రాయడం మొదలుపెట్టింది. ఏ యూనిట్‌లో ఎవరు, ఏ గల్లీలో ఎవరు, ముందు ఎవరి దగ్గరికి పోవాలి. నలభై మంది దాకా అయ్యారు. "కాయితం మంచిగుంది," అంది. "రేపు పొద్దుగాల తాండూరుకు రా. మంచి చెప్పులేసుకో, మస్తు నడిచేదుంది."

మూడు రోజులు తిరిగాం. సుజాత, అక్క, నేను. యూనిట్లలో తిండి వేళకు మిషన్లు ఆగినప్పుడు పోయేవాళ్ళం. అక్క నీళ్ళు కారే బండల మధ్య జాగ్రత్తగా అడుగులేసి, వాళ్ళ పక్కనే ఏదో రాయి మీద కూర్చునేది. ఎవరినీ లేపి నిలబెట్టేది కాదు. ఒకే మాట చెప్పేది, అందరికీ అదే.

"మీరు ఊదిన లెక్క, మీ పేర్లు, ఎనిమిది దినాలు తాళం లేకుండ ఉండె. ఎవలో చూసిన్రు. ఎవలో మాకు తెల్వదు. తప్పు మాది. ఇప్పుడు తాళమేసినం. మీ పేరు తీసెయ్యమంటే తీసేస్త."

కొందరు నవ్వారు. "మా పేర్లతోని ఎవలికేం పని?" అన్నాడొకాయన. ఒకామె మాత్రం నిప్పులు కక్కింది. తన పేరు తీసేదాకా కదలనివ్వనంది. అక్క అక్కడే నా ల్యాప్‌టాప్ తెరిపించి, ఆమె కళ్ళ ముందే పేరు తీసేయించి, వెతికి లేదని చూపించింది. ఆమె శాంతించలేదు. అక్క కూడా ఆమె శాంతించాలని ఎదురుచూడలేదు. దండం పెట్టి లేచింది.

మూడో రోజు మల్లప్ప ఇంటికి పోయాం. కర్ణాటక సరిహద్దు మనిషి, పదిహేనేళ్ళుగా తాండూరులో పాలిష్ మిషన్ మీద పని. మేం పోయేసరికి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పని వేళ ఇంట్లో ఎందుకున్నాడని సుజాత అడిగింది. నాలుగు రోజుల కింద యూనిట్ సేటు రావద్దన్నాడట.

అక్క చెప్పే మాటే చెప్పింది. గొంతు మాత్రం కొంచెం తగ్గింది. మల్లప్ప నేలకేసి చూస్తూ విన్నాడు.

"నా ఊపిరి బాగలేదని నాకు ఎరికనే," అన్నాడు. "సేటుకు ఎరిక కావద్దని దగ్గొచ్చినప్పుడల్లా మిషన్ చప్పుట్ల దగ్గుకున్న. మీకు చెప్తే ఎవలికీ చెప్పరంటే ఊదిన." తలెత్తాడు. "ఎవలు చేసిన్రు ఈ పని?"

అక్క జవాబు చెప్పలేదు. నా వైపు చూడనూ లేదు. ఆమె చెప్పెయ్యొచ్చు, మా ఆఫీసుది అని, లేదా తనదే తప్పు అని. నేను దాని కోసమే ఎదురు చూశాననుకుంటా. ఆమె తన చేతులకేసి చూసుకుంటూ అలాగే కూర్చుంది. గుమ్మం ముందు కోళ్ళు గీరుకుంటున్నాయి.

"నేను చేసిన," అన్నాను. "చూడకుండ చేసిన."

మల్లప్ప భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి అక్కకిచ్చింది, సుజాతకిచ్చింది. నన్ను దాటి లోపలికి పోతుంటే మల్లప్ప అన్నాడు: "ఆ పిల్లకు గూడ ఇయ్యి."

అక్కడి నుంచి అక్క నేరుగా ఆ యూనిట్‌కు నడిచింది. సేటు వాళ్ళ కుటుంబానికి తెలిసినవాడే. కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"మల్లప్ప లెక్క నువ్వు చూసినవా?"

"నీ కంప్యూటర్లు చూసేటంత ఫుర్సత్ నాకేడిదక్కా?"

"మరెందుకు తీసినవ్?"

"దగ్గుతుండు. కండ్లు లెవ్వా నాకు?"

ఆమె మళ్ళీ పనిలో పెట్టుకోమని అడగలేదు. ఆ దుమ్ములోకే మళ్ళీ పంపమని ఎలా అడుగుతుంది? పని చేసిన దినాలన్నిటికీ లెక్కరాసి అతనికి రావాల్సింది వారంలోగా ఇవ్వాలని, ఇవ్వకపోతే కార్మిక శాఖ ఆఫీసు మెట్లు తానే ఎక్కుతానని చెప్పింది. సేటు ఇచ్చాడని తర్వాత తెలిసింది.

బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, "సేటు చెప్పింది నిజమేనంటావా అక్కా?" అని అడిగాను.

"నాకు తెల్వదు. నీకూ తెల్వదు. ఎప్పటికీ తెల్వదేమో. గా తెల్వకపోవుడే నువ్వు మోయాలె, నేను మోయాలె," అంది. తర్వాత స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని డబ్బా విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. తినాలనిపించలేదు. "తిను. రేపటి సంది చదువుడుంది," అంది.

ఆ చదువుడు నాలుగు మధ్యాహ్నాలు సాగింది. లైబ్రరీలో ఏ ఫైలు దేన్ని పిలుస్తుందో నేను పైకి చదవాలి, ఆమె గోడకు అంటించిన కాగితాల మీద గీత గీస్తుంది. ప్రతి ఫైలు దగ్గరా ఒకటే ప్రశ్న: "ఇది బయటికి పోవాల్నా, ఇంట్లనే ఉండాల్నా?" వయసు, ఎత్తు, ఊపిరి కలిపే లెక్క ఒక్కటే బయటికి పోవాలి. దానికి తాళంచెవితో పనేముంది? మనుషుల పేర్లతో పనేముంది? లెక్కను పట్టుకుని ఇంతకాలం దాని వెనకే డేటాబేస్, సెట్టింగులు అన్నీ వేలాడుతూ వచ్చాయి. దాన్ని విడదీశాం. చివరికి మిగిలింది చిన్న కట్ట. రెండు పేజీల్లో అచ్చయింది. సర్వర్‌లోనూ అదే, ఫోన్‌లోనూ అదే. కొలతలు ఫోన్‌లోనే తాళం కింద ఉండి, సుజాత ఆస్పత్రికి వచ్చాక సర్వర్‌కు చేరతాయి. ఎవరి రహస్యమూ ఆ రెండు పేజీల్లో లేదు.

"తప్పు నాది గూడ," అంది నాలుగో రోజు, సిరా అంటిన వేళ్ళు తుడుచుకుంటూ. "లెక్కను, తాళంచెవిని ఒక్క తావుల పెట్టింది నేనే గదా. నువ్వు మోసుకపోయినవ్, కట్టింది నేను." ఆ మాట ఆమె మల్లప్ప ముందు అనొచ్చు. అక్కడ అనలేదు. ఎందుకో నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. అక్కడ ఆ మాట అంటే నేను దాని చాటున నిలబడిపోయేదాన్ని.

రాజీనామా సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మల్లప్ప తాండూరు విడిచి బషీరాబాద్ దగ్గర తన తోడబుట్టిన అక్క ఊరికి పోయి, గొర్రెలు కాసుకుంటున్నాడని సుజాత చెప్పింది. మూడు నెలల తర్వాత ఆ మండలంలోనే, పాత పాలిష్ కూలీల కోసం ఒక పంచాయతీ ఆఫీసు వరండాలో పరీక్ష పెట్టారు. అక్క నన్ను కూడా తీసుకుపోయింది. సుజాతకు ఎవరూ రారేమోనని బెంగ. పొద్దున పదింటిదాకా ఇద్దరే వచ్చారు. తర్వాత షేర్ ఆటో ఒకటి ఆగింది, ఆరేడుగురు దిగారు. వాళ్ళ వెనక చేతికర్రతో మల్లప్ప నడుచుకుంటూ వచ్చాడు.

సుజాత గొట్టం అందించబోయింది. అతను తీసుకోలేదు. కర్రతో నా వైపు చూపించాడు.

అంతమంది ముందు తిట్టడానికే వచ్చాడనుకున్నాను. తిట్టినా పడాలనుకుని లేచి నిలబడ్డాను.

"గా పిల్లను పట్టుకొమ్మను," అన్నాడు. "తప్పు చేసి ఇంటికొచ్చి చెప్పింది. ఇంక జర చూసుకుంట చేస్తది."

సుజాత గొట్టం, ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. వయసు అడిగాను, ఎత్తు కొలిచాను. అతను గొట్టం తీసుకుని, నోటి దాకా తెచ్చి ఆగాడు.

"ఇది ఎవలెవలికి కనబడ్తది?"

"నీకు, సుజాతక్కకు, డాక్టర్ సాబ్‌కు. అంతే."

"హౌదా?" అని అక్క వైపు తిరిగాడు, నిజమేనా చెప్పమన్నట్టు. వరండాలో కూర్చున్నవాళ్ళందరూ ఆమెనే చూశారు.

అక్క స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కీళ్ళ నొప్పులు ఇంకా తగ్గలేదు. "నన్నెందుకు అడుగుతున్నవ్? రాసింది ఆమె. ఆమెనే అడుగు," అంది.

మల్లప్ప మళ్ళీ నా వైపు తిరిగాడు.

"ముగ్గురికే," అన్నాను. "నేను మొత్తం చూసిన."

అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, గట్టిగా ఊదాడు.